బయోడేటాలో ఎత్తు గడి తీసేయండి



పోయిన వారం మన గ్రూపులో ఒక వీడియో తిరిగింది. కాళ్ళ ఎముకలు కోసి మూడు అంగుళాలు ఎత్తు పెంచే ఆపరేషన్ గురించి. ముందు ఒక ఫోటో, తరవాత ఒక ఫోటో, మధ్యలో పాట. దాని కింద మనవాళ్ళు రాసినవన్నీ కూర్చుని చదివాను. "ఎక్కడ చేస్తారు?", "ఎంతవుతుంది?", "ఈఎంఐ ఉందా?" అని పదకొండు మంది అడిగారు. "ఎందుకు?" అని అడిగినవాడు ఒక్కడు లేడు. అందుకే ఇది రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, కొంచెం ఓపికగా చదవండి.

నేను చెప్పేది రెండే మాటలు. ఒకటి, కాళ్ళు బాగున్న మనిషికి ఈ ఆపరేషన్ చేయకూడదు. రెండు, మన పిల్లల్ని అటువైపు తోస్తున్నది ఆ వీడియో కంటే ముందు మన సంఘం బయోడేటా ఫారం. రెండో మాట కొందరికి కోపం తెప్పిస్తుంది. తెప్పించనివ్వండి.

ముందు ఈ వైద్యం ఎక్కడిదో చూద్దాం. గవ్రీల్ ఇలిజారోవ్ అని సోవియట్ దేశపు డాక్టర్. సైబీరియాలో కుర్గాన్ అనే ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో కాళ్ళు చితికిపోయి, ఎముక అతకక, ఒక కాలు పొట్టిదైపోయి వచ్చిన సైనికులకు ఏం చేయాలని ఆలోచించి, 1950ల మొదట్లో ఆయన ఈ పద్ధతి కనిపెట్టాడు. కాలి చుట్టూ ఇనప రింగులు, వాటి నుండి ఎముకలోకి దూరే తీగలు. ఎముకను కోసి, రెండు ముక్కల్నీ రోజుకు కొంచెం కొంచెం దూరం జరిపితే, ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో హై జంప్‌లో బంగారు పతకం గెలిచిన వాలెరీ బ్రూమెల్‌కు మరుసటి ఏడాది మోటార్‌సైకిల్ ప్రమాదంలో కాలు నుజ్జయిపోతే, ఎన్ని ఆపరేషన్లకూ బాగుపడక చివరికి ఈ డాక్టర్ దగ్గరికే వెళ్ళి లేచి నిలబడ్డాడు. పోలియో వచ్చిన పిల్లలకు, పుట్టుకతో ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకు, యాక్సిడెంట్ కేసులకు ఇది వరం. ఆ వైద్యాన్ని నేను ఒక్క మాట అనను. చేతులెత్తి మొక్కుతాను.

కుంటివాణ్ణి నడిపించడానికి పుట్టిన వైద్యాన్ని, నడిచేవాణ్ణి ఏడాదిపాటు మంచాన పడేయడానికి వాడుతున్నారే, గొడవ దాంతోనే.

మనకు దూరపు కథ కాదు ఇది. 2016 ఏప్రిల్‌లో హైదరాబాద్ గ్లోబల్ హాస్పిటల్‌లో జరిగినది పత్రికల్లో, టీవీల్లో వచ్చింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇంట్లో చెప్పకుండా వెళ్ళి ఎత్తు పెంచే ఆపరేషన్ చేయించుకున్నాడు. తల్లిదండ్రులకు తెలిసి లబోదిబోమన్నారు. "అబ్బాయి మేజరు, ఒప్పుకుని సంతకం పెట్టాడు" అని అటువైపు వాదన. తరవాత తెలంగాణ వైద్య మండలి విచారణ జరిపి ఆపరేషన్ చేసిన డాక్టర్‌ను సస్పెండ్ చేసింది. ఇందులో నన్ను ఇప్పటికీ వదలని సంగతి ఒకటుంది. ఆ అబ్బాయి ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలని రాశారు. మన దేశంలో మగవాళ్ళ సగటు ఎత్తు 5 అడుగుల 5 అంగుళాల దగ్గరే. అంటే పదిమందిలో నిలబెడితే సగం మంది కంటే పొడుగ్గా ఉండే పిల్లవాడు తాను పొట్టి అనుకున్నాడు. అలా అని అతనికి ఎవరు చెప్పారు? అద్దం చెప్పదు. మనుషులే చెప్పి ఉండాలి.

ఇప్పుడు ఆ వీడియోలో పాట వచ్చే చోట ఏం జరుగుతుందో చెప్తాను.

ఆపరేషన్ రోజున రెండు కాళ్ళ ఎముకలూ కోస్తారు. వారం రోజులు అలా ఉంచుతారు. తరవాత రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున సాగదీస్తారు. అదీ ఒక్కసారి కాదు, పావు మిల్లీమీటరు చొప్పున నాలుగుసార్లు. రెండు అంగుళాలకు యాభై రోజులు. అంతటితో అయిపోయింది అనుకుంటారు చూసేవాళ్ళు. కాదు. సాగిన సందులో ఉన్నది ఇంకా మెత్తటి ఎముక. అది గట్టిపడి ఒంటి బరువు మోయాలంటే, సాగదీయడానికి పట్టిన కాలానికి రెండింతలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. మళ్ళీ మామూలుగా నడవడానికి దాదాపు ఏడాది అనుకోండి.

ఎముక చెప్పినట్టు వింటుంది. కండ, నరం, రక్తనాళం వినవు. పిక్క కండ బిగుసుకుని మడమ నేలకు ఆనదు, మునివేళ్ళ మీద నడక వస్తుంది. ఒక్కోసారి మడమ స్నాయువును సాగదీయడానికి మళ్ళీ కత్తి పెట్టాలి. మోకాలు వంగదు. నరం దెబ్బతింటే పాదం పైకి లేవదు, చెప్పు జారిపోతూ ఉంటుంది. తీగలు దిగిన ప్రతి రంధ్రమూ చీము పట్టడానికి తలుపే. ఎముక కొందరిలో అతకదు, అప్పుడు నడుము దగ్గరి ఎముక తీసి ఇక్కడ పెట్టాలి. ఇప్పుడు రింగులు లేకుండా ఎముక లోపలే రాడ్డు పెట్టి, బయట నుండి అయస్కాంతంతో సాగదీసే పద్ధతి వచ్చింది. చీము బాధ తగ్గుతుంది, నిజమే. ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కండా నరమూ మాత్రం అవే. పైగా ఆ రాడ్డు తీయడానికి ఇంకో ఆపరేషన్.

అన్నీ సవ్యంగా జరిగాయనే అనుకుందాం. కాళ్ళు పెరిగాయి, మొండెం, చేతులు పెరగలేదు. పరుగు మునుపటిలా ఉంటుందని ఏ డాక్టరూ రాసివ్వడు. బాసింపట్టు వేసుకుని పంక్తిలో భోజనానికి, పీటల మీద పెళ్ళికి కూర్చోవడానికి మోకాలు ఒప్పుకోవాలి. మూడు అంగుళాల కోసం కూర్చోవడాన్ని తాకట్టు పెట్టిన బేరం ఇది.

నేను పుస్తకం చూసి మాత్రమే చెప్పడం లేదు. రైల్వేలో గుమాస్తాగా ఉన్నప్పుడు లైన్ మీద పని చేస్తూ కాలు విరిగిన ఒక ట్రాక్‌మన్ సెలవుల ఫైలు నా టేబుల్ మీదే నడిచింది. ఎముక అతకక అతనికి ఈ రింగులే వేశారు. ఒక్క కాలికి మాత్రమే. పదకొండు నెలల సిక్ సర్టిఫికెట్లు ఆ ఫైల్లో కుట్టాను. ఆ తరవాత కూడా లైట్ డ్యూటీ. జీతం ఆగలేదు, ఉద్యోగం పోలేదు, రైల్వే కాబట్టి. ఒకసారి క్వార్టర్స్‌కు చూడడానికి వెళ్ళాను. రింగులకు తగలకుండా దుప్పటి కప్పడానికి అతని భార్య అట్టపెట్టెను సగానికి కోసి కాళ్ళ మీద బోర్లించింది. రోజూ దూదితో రంధ్రాలు తుడిచేది ఆమె, బెడ్‌పాన్ ఎత్తేది ఆమె, రాత్రి నొప్పికి లేచి కూర్చుంటే తోడు కూర్చునేది ఆమె. అతనికి వేరే దారి లేదు. నడవాలంటే అదే దారి. మరి వేరే దారి ఉన్నవాడి తల్లి ఈ చాకిరీ ఎందుకు చేయాలి? ఆ వీడియోలో తల్లి ఎక్కడుంది?

ఇక మనవాళ్ళు చెప్పే సమర్థింపులు.

"వాడి డబ్బు, వాడి కాళ్ళు, మనకెందుకు?" అంటారు. డబ్బు వాడిది కాదు. నాందేడ్‌లో మన పిల్లవాడు లక్షలు తెస్తే అది నాన్న పీఎఫ్, అమ్మ బంగారం, లేకపోతే సొసైటీ అప్పు. కాళ్ళు వాడివే. కానీ ఏడాదిపాటు ఆ కాళ్ళ బరువు మోసేది ఇంటివాళ్ళు.

"పళ్ళు సరిచేయించుకోవడం లేదా, జుట్టు నాటించుకోవడం లేదా?" అంటారు. పళ్ళకు క్లిప్పు వేయించుకున్నవాడు మర్నాడు ఆఫీసుకు వెళ్తాడు. అది తేడా.

"పోలీస్ భర్తీకి పనికొస్తుంది" అన్నాడు ఒక తమ్ముడు. బాబూ, మహారాష్ట్ర పోలీసుకు మగవాళ్ళకు 165 సెంటీమీటర్లు కావాలి, మా ఆర్పీఎఫ్ కానిస్టేబుల్‌కూ జనరల్ వాళ్ళకు 165. నిజమే. కానీ పరీక్ష టేపు దగ్గర ఆగదు. ఆర్పీఎఫ్‌లో 1600 మీటర్లు 5 నిమిషాల 45 సెకన్లలో పరుగెత్తాలి, 14 అడుగులు లాంగ్ జంప్ దూకాలి, ఆ తరవాత మెడికల్‌లో డాక్టర్ కాళ్ళు చూస్తాడు. కోసి అతికించిన కాళ్ళతో ఆ గ్రౌండులోకి దిగుతావా? రోజూ తెల్లవారుజామున పరుగు ప్రాక్టీసు చేసే మన పిల్లలు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

"చట్టం ఒప్పుకుంటోంది కదా?" అంటారు. చైనాలో ఈ పిచ్చి ముదిరి, కాళ్ళు పాడైనవాళ్ళు ఎక్కువై, 2006లో ఆ ప్రభుత్వం అందం కోసం ఎత్తు పెంచే ఆపరేషన్లను నిషేధించింది. వైద్య కారణం ఉంటేనే చేయాలంది. మన దగ్గర అలా నిషేధించకపోతే అది మంచిదని అర్థమా?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మన వధూవరుల పరిచయ మేళావా ఫారం తీసి చూడండి. పేరు, పుట్టిన తేదీ, గోత్రం, ఆ వెంటనే ఎత్తు. చదువు కంటే ముందు, ఉద్యోగం కంటే ముందు ఎత్తు. కింద "ఎలాంటి సంబంధం కావాలి" అనే చోట మన అమ్మాయిల తల్లిదండ్రులు రాసేది "5.8 పైన". అబ్బాయిల తల్లిదండ్రులు రాసేది "అబ్బాయి కంటే పొట్టిగా ఉండాలి". మేళావాలో స్టేజి మీదికి పిలిచి మైకులో ఎత్తు చదువుతాం. 5.3 అని చదివినప్పుడు వెనక కుర్చీల్లో నవ్వు వినిపిస్తుంది. నేను విన్నాను, మీరూ విన్నారు. ఆ నవ్వు విన్న పిల్లవాడు ఇంటికి వెళ్ళి ఫోన్‌లో ఏం వెతుకుతాడు అనుకుంటున్నారు?

ఆ గడి పొట్టి అబ్బాయిని ఒక్కణ్ణే కొట్టడం లేదు. 5.8 ఉన్న అమ్మాయి ఉంది. బంగారం లాంటి పిల్ల. ఫోటో తీసేటప్పుడు "కొంచెం వంగమ్మా" అంటుంది తల్లి. పొడుగైనందుకు అమ్మాయి వంగాలి, పొట్టి అయినందుకు అబ్బాయి ఎముక కోయించుకోవాలి. ఇద్దరినీ ఒకే అచ్చులో పోయాలి మనకు. ఎవరు పెట్టారు ఈ కొలత? శాస్త్రంలో ఉందా? జాతకంలో కూడా లేదు!

మా చదువు తమిళ మీడియం. అక్కడ చిన్నప్పుడే నేర్పే సామెత ఒకటుంది: "మూర్తి సిఱిదానాలుం కీర్తి పెరిదు". మనిషి చిన్న, పేరు పెద్ద అని. అగస్త్య మహామునిని తమిళులు కుఱుముని అంటారు, పొట్టి ముని అని. వెక్కిరింపుగా కాదు, భక్తితో. మన తెలుగులో కూడా పొట్టివాడు గట్టివాడు అనేవారు పెద్దలు. ఇప్పుడు ఆ మాట నవ్వులాటకు మిగిలింది.

రైల్వేవాడిని కాబట్టి ఒక్క మనిషిని గుర్తు చేస్తాను. లాల్ బహదూర్ శాస్త్రి. ఐదడుగులు దాటి ఏదో కాస్త ఉండేవారు. 1956 సెప్టెంబర్‌లో మన మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగితే రైల్వే మంత్రిగా రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో తమిళ దేశంలో అరియలూరు దగ్గర మళ్ళీ ప్రమాదం జరిగింది. ఈసారి ఎవరు చెప్పినా వినకుండా దిగిపోయారు. ఆ తరవాత ఎంతమంది పొడుగు మంత్రులు వచ్చారు? రాజీనామా మాట వచ్చినప్పుడల్లా ఈనాటికీ జనం చెప్పుకునేది ఆ పొట్టి మనిషినే. ఆయన బయోడేటా మన మేళావాకు వస్తే రెండో పేజీ తిప్పకుండానే పక్కన పెడతాం మనం.

కార్యవర్గాన్ని నేను అడిగేవి ఇవి:

1. వచ్చే మేళావా ఫారం అచ్చు వేయకముందే ఎత్తు గడి తీసేయాలి. చూసుకోవాలనుకున్న రెండు కుటుంబాలు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు కళ్ళతో చూసుకుంటాయి. మైకులో చదవక్కర్లేదు.

2. ఎత్తు పెంచే ఆపరేషన్లు, పొడులు, మాత్రల ప్రకటనలు మన గ్రూపులో పెట్టకూడదు. ఎముకల చివర పెరిగే భాగం పద్దెనిమిది, ఇరవై ఏళ్ళలోపే మూసుకుపోతుంది. ఆ తరవాత ఏ పొడి తాగినా పెరిగేది అమ్మేవాడి ఇల్లే.

3. కాలిలో నిజంగా లోపం ఉన్న పిల్లలకు ఈ వైద్యం అవసరమైతే సంఘం నిధి నుండి సాయం చేయాలి. ఆ డబ్బు అక్కడ ఖర్చయితే సార్థకం.

4. మనలో ఎవరైనా ఇప్పటికే చేయించుకుని ఉంటే, వాళ్ళను ఒక్క మాట అనకూడదు. కర్ర పట్టుకుని నడుస్తున్నవాణ్ణి "ఎంత పెరిగావురా" అని అడగడం కంటే నీచం లేదు. పొట్టి అని నవ్వినప్పుడూ మనమే నవ్వాం, ఇప్పుడూ మనమే నవ్వితే వాడు ఎక్కడికి పోతాడు?

అబ్బాయిలకు ఒక మాట. ఈ ఆపరేషన్ ఆలోచన ఉంటే ఇంట్లో చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే నాకు చెప్పండి. నేను తిట్టను. డాక్టర్ల వీధిలో మంచి ఎముకల డాక్టర్ దగ్గరికి, ఈ ఆపరేషన్ అమ్మనివాడి దగ్గరికి, కలిసి వెళ్దాం. ఏడాది తరవాత పరుగెత్తగలనా, ఎముక అతకకపోతే మళ్ళీ ఆపరేషన్ ఖర్చు ఎవరిది, ఏడాదిపాటు నా జీతం ఎవరిస్తారు అని అడుగుదాం. ఆ జవాబులు విని అప్పుడు నిర్ణయించుకో నాయనా.

అమ్మాయిల తల్లిదండ్రులకు ఒక మాట. మీ అల్లుడు అటక మీది డబ్బా అందుకోకపోతే స్టూలు వేసుకుంటాడు. స్టూలు మూడు వందలు.

నా మాట తప్పయితే సభలో నిలబడి తప్పని చెప్పండి, వింటాను. కానీ గడి తీయకుండా వాయిదా మాత్రం వేయకండి. ఫారాలు అచ్చుకు వెళ్ళే రోజు దగ్గరపడింది.