ఇరవై ఏడు రూపాయల తేడా



మా స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యం అమ్మిన సొమ్ము ఒకమారు లెక్క కుదరలేదు. పుస్తకంలో కంటే డబ్బాలో 27 రూపాయలు తక్కువ. లెక్క చూచే సహోదరి విధవరాలు, బీదరాలు. అందరి చూపులూ ఆమె మీదనే. నేనూ ఆమెనే నిలదీశాను.

"27ను తొమ్మిదితో భాగించండి అయ్యగారూ" అన్నదామె. భర్త కొట్టు పద్దులలో నేర్చినదట. శేషం లేదు, 3 వచ్చింది. అలా నిశ్శేషంగా పోతే పక్కపక్క అంకెలు తారుమారై ఉండవచ్చును. 58ని 85 అని వ్రాస్తే, 8 పదుల స్థానానికెక్కి 72 కలుపుతుంది. 5 ఒకట్లలోకి దిగి 45 తీసివేస్తుంది. మిగులు 27. ఏ రెండంకెలు మారినా వాటి తేడాకు తొమ్మిది రెట్లే వస్తుంది. కాబట్టి పదుల అంకె 3 ఎక్కువున్న పద్దులు వెదకాలి: 41, 52, 63 వంటివి. (ప్రతి తేడా ఇలాగే తేలదు సుమా! వేరే పొరపాటు కూడ తొమ్మిదితో పోవచ్చు. ఇది వెదకడానికి దారి మాత్రమే.)

ఆ పుటలో అటువంటివి రెండే. 85 అని ఉన్న ఇంటికి వెళ్లి అడిగితే 58 అన్నారు. ఆ వారం ఆమెకు జ్వరం. పద్దు వ్రాసిన దస్తూరి నాది.