కబురు మోసిన స్నేహం



2021లో కరోనా టీకా అందరికీ ఒకేసారి రాలేదు. మార్చి 1న 60 దాటినవారికి, ఏప్రిల్ 1న 45 నిండినవారికి, మే 1న 18 నిండినవారికి వంతు వచ్చింది. సెల్‌ఫోను లేని పెద్దలకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

స్నేహితులే చెప్పారు. "వదినా, గేదె ఈనిందా? కోడలు కులాసాయేనా?" అని అడుగుతూనే, "అన్నయ్యకు వంతు వచ్చిందట. ఆధార్ కార్డు తీసుకొని వెళ్తే అక్కడే పేరు రాసుకొంటారు" అన్నారు. భయపడినవారికి, "నేను వేయించుకొన్నాను. ఒక రోజు జ్వరం వచ్చి తగ్గింది" అన్న మాటే ధైర్యమిచ్చింది.

మన క్షేమం అడిగే నోటి కబురునే మనం నమ్ముతాము. మీ వీధిలో ఫోను లేని ఇల్లు ఏది? రేపు అవసరమైన కబురు వారికి అందాలంటే, ఈ వారమే వెళ్ళి పలకరించండి.