బోరు ఆపే బోర్డు మనమే చేసుకుందాం

పైన వీడియోలో నా చేతిలో ఉన్నది ఆర్డుయినో ఊనో. 2005లో ఇటలీలో చదువుకునే పిల్లల కోసం మొదలైన ఆర్డుయినో బోర్డుల కుటుంబంలోది ఇది. "ప్రకృతి వ్యవసాయానికి ఈ కరెంటు బొమ్మలెందుకన్నా?" అని ఉప్పల్‌లో మా దోస్తులు నవ్వారు. నన్నడిగితే మన పొలానికి పట్టిన పీడ ఈ బొమ్మ కాదు, ఆటో స్టార్టర్.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారు కూడా చెప్పింది. నేను తీయలేదు. నాచారంలో నేను నిద్రపోతుంటే ఘట్‌కేసర్ దగ్గర నా చేలో మోటర్ రాత్రంతా తిరిగేది. వంగ మడి పసుపు పచ్చబడింది, ఎండాకాలానికి బోరు గాలి పోసింది. తప్పు నాదే.

కోఠి గుజరాతీ గల్లీలో మొదట రెండు కాళ్ళ తేమ సెన్సార్ కొన్నాను. అది కొనకండి. కాళ్ళ మధ్య తడి మట్టిలో కరెంటు పారి లోహం కరిగిపోతుంది. కెపాసిటివ్ రకంలో లోహం మట్టికి తగలదు. పైభాగం తడవకుండా మా ఆవిడ నెయిల్ పాలిష్ పూశాను, ఆ సంగతి తనకింకా తెలియదు!

గాలిలో అది 590 చూపింది, నీళ్ళ గ్లాసులో 280. తడి పెరిగితే అంకె తగ్గుతుంది. నా ఎర్ర చెల్క మట్టి పిడికిట్లో ఉండ కట్టి, వేలితో పొడిస్తే విడిపోయే తడి దగ్గర 420. నాకు అదే గీత. నల్లరేగడిలో వేరే వస్తుంది, కాబట్టి నా అంకె కాపీ కొట్టొద్దు. సెన్సార్‌ని ఆచ్ఛాదన కింద, వేర్ల లోతులో గుచ్చాలి.

ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి. బోర్డు మోటర్‌ని ఆపాలి అంతే, వేయకూడదు. పాలేకర్ గారు చెప్పే వాఫస అంటే మట్టి రేణువుల మధ్య గాలి, నీటి ఆవిరి కలిసి ఉండటం. సెన్సార్‌కి తడే తెలుసు, గాలి తెలియదు, సాయంత్రం మబ్బు అసలే తెలియదు. వేసే నిర్ణయం మన చేతిలోనే ఉండాలి. ఎలుక వైరు కొరికితే అంకె తలాతోకా లేకుండా వస్తుంది, అప్పుడు కూడా మోటర్ ఆగేలా ప్రోగ్రామ్ రాసుకోవాలి.

రిలేని మోటర్‌కి నేరుగా కలపొద్దు, స్టార్టర్ డబ్బాలో కాంటాక్టర్ కాయిల్ లైనుకే కలపాలి. అక్కడ ఉండేది త్రీ ఫేజ్, ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. అదే రోజు ఆయనతోనే నా ఆటో స్టార్టర్ పీకించేశాను. ఇప్పుడది నాచారం షెడ్డులో స్క్రాప్ డబ్బాలో ఉంది.