స్టాఫ్‌రూం గుమ్మం దాటని ఐక్యత (బడి గేటు దగ్గర – 6)

మొన్న ఒక మాస్టారు ఫోన్ చేశారు. "ఈసారి సంఘాలన్నీ ఒక్కతాటి మీదకి వస్తున్నాయి తమ్ముడూ, ఐక్యత మీద మంచి పోస్టు రాయి" అన్నారు. రాస్తున్నాను మాస్టారూ. మీరు అడిగిన పోస్టు మాత్రం ఇది కాకపోవచ్చు.

మా అమ్మ జిల్లా పరిషత్ హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. మా పిన్ని అదే బడిలో ఆయా. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ జీవోల మీద చలో విజయవాడ జరిగింది. పోలీసులు ఎక్కడికక్కడ ఆపినా ఉద్యోగులు, టీచర్లు వేలకు వేలు రోడ్డు మీదికి వచ్చారు. మా బడి మాస్టార్లూ వెళ్లారు. సాయంత్రం టీవీ ముందు కూర్చుని "మన సారు కనపడతాడేమో చూడరా" అంటూ అమ్మ వెతికింది. ఆ రోజు కూడా ఆమె పొయ్యి వెలిగించింది, పిన్ని మరుగుదొడ్లు కడిగింది.

కొన్నాళ్లకి వంట బిల్లులు ఆగిపోయాయి. కిరాణా కొట్టులో అప్పు పుట్టడం లేదు. వంటవాళ్లంతా మండలాఫీసు ముందు కూర్చున్నారు. సంఘం నాయకుడైన మాస్టారి దగ్గరికి అమ్మ వెళ్లి "ఒక్క గంట మాతోపాటు కూర్చోండి మాస్టారూ" అని అడిగింది. ఆయన చెడ్డవాడేం కాదు. నవ్వుతూనే అన్నాడు: "మీది వేరే యూనియన్ కదమ్మా!"

వేరే. ఈ మాట మాకు కొత్తా? వేరే గ్లాసు, వేరే బావి, వేరే శ్మశానం. ఇప్పుడు వేరే యూనియన్.

2009 నుంచి కేంద్రం లెక్కలో వంట చేసే మనిషికి నెలకి 1,000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాన్ని 3,000 చేశారు. ఆయాకి 6,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. జీతంలో ఎంత కోశారో, పేరులో అంత గౌరవం కలిపారు.

"వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు కారు కదా" అంటారు మీరు. అది ప్రభుత్వం చెప్పే మాట. ప్రభుత్వం మాటని సంఘం ఎప్పటినుంచి వల్లె వేస్తోంది? ఎన్టీఆర్ కాలంలో 398 రూపాయలకి స్పెషల్ టీచర్లని పెట్టుకున్నప్పుడు, "వాళ్లు వేరే" అని మీరు ఊరుకోలేదు. ఆ 398 టీచర్ల నోషనల్ ఇంక్రిమెంట్ల కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. మంచి పని చేశారు. అదే న్యాయం వంటగది దాకా ఎందుకు రాలేదు?

మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించమన్నప్పుడు మీకు కోపం వచ్చింది. రావాల్సిందే, అది పాఠం చెప్పేవాళ్ల పని కాదు. కానీ ఫొటో తీయడమే అవమానమైతే, కడగడం ఏమిటి? తెలంగాణలో కరోనా కాలంలో స్కావెంజర్లని తీసేశారు. వాళ్లని మళ్లీ పెట్టాలని అక్కడి టీచర్ల సంఘాలు అడిగాయి. ఒప్పుకుంటాను. కానీ ఆ డిమాండు ఎలా ఉంటుంది? బెంచీలు కావాలి, సుద్దముక్కలు కావాలి, స్కావెంజర్ కావాలి. ఆమె మీ వినతిపత్రంలో ఒక వసతిగా ఉంది. మీ వేదిక మీద మనిషిగా లేదు.

2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు వంటవాళ్ల నియామకంలో ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇమ్మంది. ఆ తర్వాత కూడా దళితురాలు వండితే పిల్లల్ని పంపమన్న ఊళ్లు ఈ దేశంలో ఎన్నో. అలాంటి రోజున ఆమె పక్కన కూర్చుని అన్నం తినడం కూడా సంఘం పనే. అది ఏ పీఆర్సీ నివేదికలోనూ ఉండదు.

ఇంకో మాట. ప్రమోషన్లలో రోస్టర్ గురించి ఎస్సీ, ఎస్టీ టీచర్లు విడిగా సంఘం పెట్టుకుంటే "ఐక్యతని చీలుస్తున్నారు" అంటారు. అంబేద్కర్ 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభ విడిగానే పెట్టాడు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుడి శత్రువులేనని చెప్పాడు. అదే ఏడాది నవంబర్ 7న బొంబాయిలో పారిశ్రామిక వివాదాల బిల్లు మీద కమ్యూనిస్టులతో కలిసి సమ్మె చేయించాడు. విడిగా నిలబడ్డం, కలిసి కొట్లాడ్డం ఒకదానికొకటి అడ్డం కాదు. సమానంగా కూర్చోనివ్వని చోట కలవమనడమే మోసం.

కాబట్టి మాస్టారూ, ఐక్యత అంటే నాలుగు సంఘాల లెటర్‌హెడ్లు ఒక కాగితం మీదకి రావడం కాదు. జేఏసీ స్టీరింగ్ కమిటీలో వంట కార్మికులకి, ఆయాలకి, నైట్ వాచ్‌మన్లకి, కాంట్రాక్టు టీచర్లకి ఓటున్న కుర్చీలు వేయండి. డిమాండ్ల పత్రంలో మొదటి వరస కనీస వేతనం అని రాయండి, ఫిట్‌మెంట్ రెండో వరసలో ఉన్నా మునిగిపోదు. చర్చలకి వాళ్లనీ తీసుకెళ్లండి. వాళ్లు సరే అనకుండా సమ్మె విరమించొద్దు. 2022లో రెండు రోజుల్లోనే ఒప్పందం కుదిరితే, మమ్మల్ని అడక్కుండా సంతకం పెట్టారని టీచర్ల సంఘాలే రగిలిపోయాయి. ఆ మంట ఎలా ఉంటుందో మీకు తెలుసు. మా అమ్మకి అది రోజూ ఉండేదే.

ఇది దయ కాదు, లెక్క. టీచర్లు ఒక్కరోజు రాకపోతే ప్రభుత్వం సెలవు కోస్తుంది. పొయ్యి వెలక్క, మరుగుదొడ్డి తలుపు తెరవక, గేటు తాళం తీయక, పాఠం జరక్క, అన్నీ ఒకే రోజు ఆగితే కలెక్టరే బడికొస్తాడు.

చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రేపు మీ ఊరి బడికెళ్లినప్పుడు సార్లకి నమస్కారం పెట్టాక వంటగదిలోకీ ఒకసారి వెళ్లండి. ఆమె ఏ సంఘంలో ఉందో, ఆఖరి బిల్లు ఎప్పుడొచ్చిందో అడగండి. విన్నది రాసి పంపండి. వచ్చే భాగం మీ జవాబులతోనే మొదలుపెడతాను.

జై భీమ్.