మృగశిరకు ముందే కాగితాలు సర్దుకుందాం

జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె. ఆ తర్వాత నెల తిరిగేసరికి భద్రాచలం దగ్గర గోదావరి ఎంత ఎత్తుకు లేస్తుందో ఎవరి అంచనాకూ అందదు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులు తాకింది. 2022 జులై 16న 71.3 అడుగులకు చేరింది. బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల, కూనవరం, వీఆర్‌పురం మండలాల జనం పిల్లాపాపలతో పునరావాస కేంద్రాలకు చేరారు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ, వెంకటేశ్వరనగర్ ఇళ్లను ముంచింది. వరద తీసిన ఇంట్లోకి అడుగుపెట్టిన మనిషి బియ్యం, బట్టలు చూసుకున్నాక వెతికేది కాగితాలనే. బీరువా అడుగున, ట్రంకుపెట్టెలో ప్లాస్టిక్ కవర్లలో దాచిన పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, పాస్‌బుక్ బురదలో ముద్దయి కనిపిస్తాయి.

అందుకే ఇప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటే: ఫొటో తీసి క్లౌడ్‌లో పెట్టుకోండి. మంచి సలహానే, కానీ సగం సలహా. మన కాగితం ఎక్కడో సర్వర్‌లో ఉన్నంత మాత్రాన మన చేతిలో ఉన్నట్టు కాదు. అవసరమైన రోజున మనమే తెరవగలగాలి. ఏది ఎక్కడుందో మనకే తెలియాలి. మనం లేనినాడు ఇంట్లోవాళ్లు తీయగలగాలి. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఈ మూడూ ఉన్న కుటుంబాలు చాలా తక్కువ. ఈ వేసవి సెలవుల్లోనే ఆ లోటు తీర్చుకోవాలన్నది ఈ వారం నా విన్నపం.

ముందు ఇక్కడ కాగితం విలువ ఏమిటో చూడండి. నగరంలో కాగితం పోతే పని ఆలస్యమవుతుంది. ఏజెన్సీలో కాగితం పోతే హక్కు మీదే అనుమానం మొదలవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా రావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ నేల సాగులో ఉండాలి. అది చూపడానికి ఒకటికి మించి ఆధారాలు కావాలి. ఊరి పెద్దల వాంగ్మూలం, ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రశీదు, అటవీశాఖ ఎప్పుడో రాసిన కేసు కాగితం, ఇలా ఏదైనా పనికొస్తుంది. అంటే నాయన ఏనాడో దాచిన పసుపుపచ్చ రశీదే కొడుకు చేనుకు కాపలా. తెలంగాణలో 2023 జూన్ 30 నుంచి పంచిన పోడు పట్టాలు దాదాపు నాలుగు లక్షల ఎకరాలవి. వాటిలో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకే వచ్చింది. ఆ భూమిని అమ్మడానికి లేదు, వారసులకు మాత్రమే సంక్రమిస్తుంది. రేపు ఆ పట్టా పిల్లల పేరు మీదికి మారాలంటే అసలు పట్టా, మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల వివరాలు అన్నీ ఒక్కచోట కనబడాలి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకునే 1/70 చట్టం కింద నడిచే కేసుల్లో పాత పహాణీ నకలు ఒక్కటి దొరికితే తీర్పు మారిపోవచ్చు.

దీనికి తోడు ఈ ప్రాంతంలో ఊళ్లు ఉన్నచోటే ఉండగా పైన ప్రభుత్వాలు, జిల్లాలు మారాయి. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పుగోదావరిలో ఉండి ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వీఆర్‌పురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పుట్టింది. 2022 ఏప్రిల్‌లో కూనవరం, చింతూరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాకు చేరాయి. కూనవరంలో పుట్టి పెరిగిన మనిషి చేతిలో జనన పత్రం మీద ఒక జిల్లా పేరు, కుల పత్రం మీద ఇంకో జిల్లా పేరు, ఆధార్ మీద మరో రాష్ట్రం పేరు ఉండటం వింత కాదు. పోయిన పత్రానికి నకలు ఏ ఆఫీసులో అడగాలన్నదే ఆ మనిషికి మొదటి చిక్కు. అలాంటి చోట పాత కాగితం నంబరు, తేదీ, సంతకం స్పష్టంగా కనబడే ఒక్క స్కాన్ ఉంటే సగం తిరుగుడు తప్పుతుంది.

మరి ఆ స్కాన్ ఎక్కడుంది? చాలామందికి అది నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఉంది. భద్రాచలంలోనో, చర్లలోనో, సత్తుపల్లిలోనో స్కాలర్‌షిప్ దరఖాస్తుకు వెళ్లిన పిల్లవాడికి అక్కడి కుర్రాడే మెయిల్ ఐడీ తెరుస్తాడు, పాస్‌వర్డ్ పెడతాడు. తొందరలో తన ఫోన్ నంబరే ఇచ్చేస్తాడు. పని అయిపోతుంది. రెండేళ్ల తర్వాత గురుకులం వదిలి డిగ్రీలో చేరే రోజున ఆ మెయిల్ తెరవాలంటే ఓటీపీ ఎవరికో వెళుతుంది. నెట్ సెంటర్ వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ నాలుగు కుర్చీలే లేకపోతే అడవి పక్క ఊళ్ల దరఖాస్తులు సగం కదలవు. కానీ ఖాతా ఎవరిదో వాళ్ల ఫోన్ నంబరుతోనే తెరవాలి, పాస్‌వర్డ్ వాళ్ల చేతే కొట్టించాలి, పని కాగానే స్కాన్లను వాళ్ల కళ్లముందే చెరిపేయాలి. ఇది అడగడం మన హక్కు. ఆధార్ జిరాక్స్ ఇవ్వాల్సిన ప్రతిచోటా పన్నెండు అంకెలూ చూపనక్కర్లేదు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఉచితంగానే దించుకోవచ్చు.

రెండో చిక్కు ఫోన్ నంబరు. గుట్ట మీద ఒక కంపెనీ సిగ్నల్, వాగు దాటితే ఇంకో కంపెనీ సిగ్నల్. అందుకని ఏ టవర్ అందితే ఆ సిమ్ తీసుకుంటాం, రీచార్జి డబ్బులు లేనప్పుడు పాతది పక్కన పడేస్తాం. నెలల తరబడి వాడని నంబరు రద్దవుతుంది. కొన్నాళ్లకు కంపెనీ దాన్ని మరొకరికి ఇస్తుంది. ఆధార్‌కు ఆ నంబరే ముడిపడి ఉంటే డిజీలాకర్ ఓటీపీ, బ్యాంకు ఓటీపీ అన్నీ ఆ కొత్త మనిషికి పోతాయి. అందుకే ఇంట్లో ఒక నంబరును కాగితాల నంబరుగా ఉంచుకోవాలి. అది మాట్లాడుకోవడానికి వాడకపోయినా సరే, రీచార్జి తప్పనివ్వకూడదు. నంబరు మారిన రోజే ఆధార్‌లోనూ, మెయిల్‌లోనూ, బ్యాంకులోనూ కొత్తది ఎక్కించుకోవాలి.

డిజీలాకర్ గురించి తెలిసినవాళ్లకు కూడా ఒక తేడా తెలియడం లేదు. కేంద్రం దీన్ని 2015 జులై 1న మొదలుపెట్టింది. ఇందులో రెండు అరలున్నాయి. ఒకదానిలోకి పత్రం నేరుగా ఇచ్చిన శాఖ నుంచే వస్తుంది. ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ అలా వచ్చేవే. 2017లో సవరించిన నిబంధనల ప్రకారం వాటికి అసలు కాగితంతో సమానమైన విలువ ఉంది. మొబైల్‌లో చూపినా అధికారి ఒప్పుకోవాలి. రెండో అరలో మనం స్కాన్ చేసి పెట్టుకున్నవి ఉంటాయి. అవి కేవలం ఫొటోలే, అసలు పత్రం కింద చెల్లవు. పాత పహాణీ, పోడు పట్టా, తాత నాటి రశీదు లాంటివి చాలావరకు ఈ రెండో అరలోనే ఉంటాయి. కాబట్టి అసలు కాగితాన్ని ఎప్పటికీ పారేయకూడదు. శాఖ నుంచి వచ్చే అవకాశం ఉన్న ప్రతి పత్రాన్నీ మొదటి అరలోకి తెప్పించుకోవాలి. రెండో అరలో మొత్తం ఒక జీబీ చోటు ఉంటుంది. ఒక కుటుంబం కాగితాలకు అది సరిపోతుంది.

గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చేది 15 జీబీ. మెయిలు, ఫొటోలు, డ్రైవ్ ఫైళ్లు అన్నిటికీ కలిపి అంతే. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఆ 15లోంచే తింటుంది. పొద్దున్నే వచ్చే దేవుడి బొమ్మలు, పెళ్లి వీడియోలతో చోటు నిండిపోతే మెయిలు రావడం ఆగిపోతుంది. కౌన్సెలింగ్ పిలుపు లెటర్ ఆ రోజే రావచ్చు. ఏడాదికోసారైనా పెద్ద వీడియోలను తీసేసి చోటు చేసుకోవాలి. అయితే తీసేటప్పుడు జాగ్రత్త. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన బొమ్మను చెరిపితే ఫోన్లోంచీ క్లౌడ్‌లోంచీ రెండుచోట్లా పోతుంది. అక్కడి చెత్తబుట్టలో 60 రోజులుంటుంది. డ్రైవ్ చెత్తబుట్టలో అయితే 30 రోజులే. ఆలోపు చూసుకుంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇంకో నిబంధన కూడా గుర్తుపెట్టుకోవాలి: రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ మొత్తంగా తీసేయవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. హాస్టల్లో చదివే పిల్ల కోసం తెరిచి మరిచిపోయిన ఖాతా ఇలాగే మాయమవుతుంది.

క్లౌడ్‌లో పెడితే ఇక భయం లేదనుకోవడం కూడా సరికాదు. క్లౌడ్ అంటే ఎక్కడో నేల మీద ఉన్న భవనం, అందులో కంప్యూటర్లు, వాటికి కరెంటు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజియన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో మంటలు లేచాయి. అక్కడి ప్రభుత్వోద్యోగులు తమ పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. పోయింది 858 టెరాబైట్లు. దానికి వేరేచోట నకలు పెట్టలేదు. అంత సాంకేతికత ఉన్న దేశానికే అలా జరిగింది. మన రైతు విత్తనాన్ని ఒకే గాదెలో పోయడు. కాగితాలకూ అదే సూత్రం. అసలు కాగితం ఇంట్లో ఎత్తైన చోట, ఒక నకలు క్లౌడ్‌లో, ఇంకో నకలు పెన్‌డ్రైవ్‌లోనో, ఖమ్మంలో ఉండే అన్నదమ్ముల ఫోన్లోనో ఉండాలి. గోదావరి ఒడ్డున ఉన్న ఇంటికి ఆ రెండో నకలు ఒడ్డుకు దూరంగా ఉన్న ఊళ్లో ఉండటం మేలు.

సర్దడం పెద్ద విద్య కాదు. ఒక మధ్యాహ్నం చాలు. కాగితాన్ని వెలుతురులో చాప మీద పరిచి నాలుగు మూలలూ పడేలా, వెనక పేజీతో సహా స్కాన్ చేయండి. డ్రైవ్ యాప్‌లోనే స్కాన్ చేసే వీలుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అక్షరాలు మసకబారతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది. ప్రతి ఫైలుకూ మనిషి పేరు, కాగితం పేరు, ఏడాది పెట్టండి. పేరు తెలుగులో పెట్టినా వెతికితే దొరుకుతుంది. అంకెల వరసగా పడి ఉన్న వందల ఫొటోల్లో కుల పత్రం వెతకడానికి ఆఫీసు కిటికీ దగ్గర టైముండదు. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక ఫోల్డరు, భూమికి వేరే ఫోల్డరు చాలు. తరచూ కావలసిన ఐదారు ఫైళ్లను సిగ్నల్ లేకపోయినా తెరుచుకునేలా ఆఫ్‌లైన్‌లో ఉంచుకోండి. వానాకాలంలో టవర్లు పడిపోయే ఊళ్లకు ఇది తప్పనిసరి. ఎవరికైనా లింకు పంపితే పని అయ్యాక ఆ లింకు మూసేయండి. పాస్‌వర్డు ఇంట్లో ఇద్దరికి తెలిసుండాలి, ఆ ఇద్దరిలో ఒకరు ఇంటి ఆడమనిషి కావాలి. పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీద ఇస్తున్నప్పుడు, ఆ పట్టా నకలు భర్త ఫోన్లో మాత్రమే ఉండటం న్యాయం కాదు.

ఇదంతా చదువుకున్నవాళ్ల మాట, స్మార్ట్‌ఫోన్ లేని గూడేల సంగతేమిటని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డ గొత్తికోయల చేతిలో దాచుకోవడానికే కాగితాలు తక్కువ. అక్కడ అంగన్‌వాడీ కార్డు, పిల్లల టీకా కార్డు, బడిలో చేర్చుకున్న రోజు రశీదు కూడా ఆ కుటుంబం ఇక్కడే బతుకుతోందని చెప్పే సాక్ష్యమే. ఉన్న కొన్ని కాగితాలు పోగొట్టుకునే స్తోమత అందరికంటే వాళ్లకే తక్కువ. అందుకే ఈ పనిని ఒక్కో ఇంటి తెలివికి వదిలేసి ప్రభుత్వం చేతులు దులుపుకోకూడదు.

భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు ఆశ్రమ పాఠశాలలున్నాయి, హాస్టళ్లున్నాయి, ప్రతి గూడేనికీ తెలిసిన టీచర్లున్నారు. పదో తరగతి పిల్లలకు మెమో చేతికిచ్చే రోజునే, వాళ్ల సొంత నంబరుతో డిజీలాకర్ తెరిపించి, మెమో, టీసీ, కుల పత్రం అందులో పెట్టించి, వాళ్ల చేతే ఒకసారి మూసి మళ్లీ తెరిపించాలి. ఆ పిల్లలు ఊరికి వెళ్లాక నాయన పట్టాకూ, అమ్మ రేషన్ కార్డుకూ అదే పని చేస్తారు. ఏటా మే నెలలో వరద ముంపు మండలాల పంచాయతీల్లో ఒక రోజు స్కానరు పెట్టి, కాగితాలున్న ప్రతి మనిషికీ ఉచితంగా స్కాన్ చేసి ఆ మనిషి ఖాతాలోనే ఎక్కించాలి, ఆఫీసు కంప్యూటర్‌లో వదిలేయకూడదు. ఆఫీసులు కూడా శాఖ నుంచి డిజీలాకర్‌లోకి వచ్చిన పత్రాన్ని చూసి మళ్లీ జిరాక్స్ అడగడం మానాలి.

వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద నిధులూ అక్కర్లేదు. వరద తగ్గాక నకళ్ల కోసం మనిషి తిరిగే రోజుల కూలీ లెక్క వేస్తే, వరద రాకముందు పెట్టే ఈ ఖర్చు ఎంతో తక్కువ. కలెక్టర్లు, ఐటీడీఏ అధికారులు ఈ మే నెల క్యాలెండర్‌లోనే ఈ పనికి తేదీలు వేయాలి. తేదీ వేసే దాకా అడగడం మన వంతు.