పడే వస్తువు బరువు చూసుకోదు

మొన్న ఆషాఢంలో మన కంటోన్మెంటులో గాలి ఎట్లా వీచిందో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ గాలికి పక్కింటి మేడ పిట్టగోడ మీది పూలకుండీ ఒకటి జారి మా వాకిట్లో పడింది. సరిగ్గా మా అమ్మాయి సాయంత్రం కూర్చుని చదువుకునే చోటు. వాళ్లమ్మ కాఫీకి పిలవబట్టి నిమిషం ముందే లోపలికి వచ్చింది.

పక్కింటి పెద్దాయన పాపం చాలా నొచ్చుకున్నారు. అయినా, “సణ్ణదు, పరవాగిల్ల బిడ్రి. బరువైనదైతే ఇంకా జోరుగా పడేది” అన్నారు. నిజమే గదా అని నేనూ తల ఊపాను. మా అమ్మాయి ఒప్పుకోలేదు.

“నాన్నా, సమానమైన రెండు ఇటుకలు పక్కపక్కన వదిలితే కలిసే పడతాయి. రెంటినీ దారంతో కడితే రెట్టింపు బరువైన ఒకే ఇటుక అవుతుంది. దారం కట్టినంత మాత్రాన జోరు పెరుగుతుందా?” అంది. నాకు జవాబు తోచలేదు. ఇటువంటి తర్కాన్నే గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో వ్రాశాడట. కాగితం మెల్లగా దిగేది గాలి అడ్డు వల్లనే. గాలిలేని చంద్రుని మీద 1971 ఆగస్టు 2న అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ సుత్తినీ, డేగ ఈకనూ ఒక్కసారే వదిలితే, రెండూ కలిసే నేలకు చేరాయి.

గుమాస్తాను గనుక కాగితం తీసి లెక్క వేశాను. వదిలిన వస్తువు మొదటి సెకనులో 4.9 మీటర్లు దిగుతుంది. రెండో సెకనులో అంతకు మూడు రెట్లు, మూడో సెకనులో అయిదు రెట్లు. ఆ పిట్టగోడ ఎత్తు సుమారు 7 మీటర్లు. అంటే 1.2 సెకన్లలో నేలకు చేరుతుంది. అప్పటి వేగం గంటకు 42 కిలోమీటర్లు! “జరుగమ్మా” అనేలోపే అంతా అయిపోతుంది. చిన్న కుండీకీ పెద్ద కుండీకీ వేగం ఒక్కటే. దెబ్బ మాత్రం బరువును బట్టి పెరుగుతుంది. అంతమాత్రాన చిన్నది తలకు మంచిదని కాదు.

ఆ కాగితం చూపిస్తే పెద్దాయన మారుమాట లేకుండా కుండీలన్నీ కిందికి దింపించారు. గర్వంగా ఇంటికి వచ్చానా, మా అమ్మాయి మాట్లాడకుండా మా వంటింటి కప్పు వైపు చూపించింది. రేకులు గాలికి లేవకుండా నేనే స్వయంగా పెట్టిన నాలుగు రాళ్లు! ఎత్తు 3 మీటర్లు. వేగం గంటకు 27 కిలోమీటర్ల పైచిలుకు. కింద మా ఆవిడ గిన్నెలు తోముకునే చోటు.

ఆదివారం రాళ్లు దింపి, రేకులకు బోల్టులు బిగించాము. మీరూ ఈ పత్రిక పక్కన పెట్టి, ఒక్కసారి మీ ఇంటి పిట్టగోడ వైపు చూడండి.