ఏ కెప్టెన్ కింద పనిచేస్తారు?

పోయిన సంచికలో అంతరిక్షం సినిమాల గురించి నాలుగు ముక్కలు రాసిన పాపానికి, మా గల్లీ పోరగాళ్లు నన్ను పంచాయితీకి కూర్చోబెట్టారు. 'స్టార్ ట్రెక్'లో ఏ కెప్టెన్ గొప్ప, ఏ ఓడ గొప్ప అని తగాదా. ఒకడు కిర్క్ అంటాడు, ఒకడు పికార్డ్ అంటాడు. ఎవరు ఎన్ని యుద్ధాలు గెలిచారు, ఎవరి ఓడకు ఎంత స్పీడు అని వేళ్ల మీద లెక్కలు. విని విని, "ఒరేయ్, మీరంతా పైన కుర్చీలో కూర్చున్నోణ్నే చూస్తున్నారు. కింద ఇంజిన్ గదిలో ఉన్నోణ్ని ఎవరైనా అడిగారా?" అన్నాను.

మాస్టరు మంచోడా కాదా అన్న మాట మన ఇళ్లల్లో ఎప్పుడూ ఖాతాలోంచే వచ్చేది. ఆఫీసు గోడ మీద ఫొటో చూసి ఎవరూ చెప్పలేదు. ఈ కెప్టెన్లను కూడా అట్లనే చూద్దామని నా ఉద్దేశం.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. స్టార్ ట్రెక్ 1966 సెప్టెంబరు 8న అమెరికా టీవీలో మొదలైంది. తయారుచేసినాయన జీన్ రోడెన్‌బెరీ. 1980లలో మన దూరదర్శన్‌లో కూడా వచ్చింది, కొందరికి గుర్తుండే ఉంటుంది. తర్వాత అదే లోకంలో ఇంకా ఎన్నో సీరియళ్లు వచ్చాయి. ఒక్కోదానికి ఒక్కో కెప్టెన్, ఒక్కో ఓడ. ఓడ అంటే నీళ్ల మీద పోయేది కాదు, చుక్కల మధ్య తిరిగేది.

మొదటి కెప్టెన్ కిర్క్. విలియం షాట్నర్ వేశాడు. ఓడ ఎంటర్‌ప్రైజ్, అందులో 430 మంది. కిర్క్ దూకుడు మనిషి, ముందుండి నడుస్తాడు. కొత్త గ్రహం మీద దిగాలంటే తనే దిగుతాడు. అయితే ఆయన వెంట దిగే ఎర్రచొక్కావాళ్లలో ఒకడు తిరిగి రాడన్నది చూసేవాళ్లకు ముందే తెలిసిపోయేది. ఆ ఎర్రచొక్కాలు ఎవరివి? కాపలావాళ్లవి, ఇంజిన్‌వాళ్లవి. రాసినవాళ్లు ఏ ఉద్దేశంతో రాశారో గానీ, ఆ లెక్క మాత్రం మన లెక్కే.

కిర్క్‌ను బాగా తూచేది సీరియల్ కాదు, 'ద రాత్ ఆఫ్ ఖాన్' అనే సినిమా. అది 1982 జూన్‌లో అమెరికాలో విడుదలైంది. ఆ జూన్‌లో ముంబై మిల్లుల సమ్మె ఐదో నెల దాటింది. సినిమా టికెట్టు మాట మనవాళ్లలో ఎవరికి గుర్తుంటుంది? నేను కూడా చాలా ఏళ్ల తర్వాతే చూశాను. అందులో ఎంటర్‌ప్రైజ్ నిండా శిక్షణలో ఉన్న పిల్లలే. ఎదురుగా తమ పక్షం ఓడే ఒకటి వస్తుంది, పిలిస్తే సరిగా పలకదు. అట్లాంటప్పుడు ఏం చేయాలో రూలు ఉందని సావిక్ అనే చిన్న ఆఫీసరమ్మ చెప్పబోతుంది. పెద్దలు వినిపించుకోరు. ఓడ చుట్టూ ఉండే కాపు కంచెను కిర్క్ ఎత్తించడు. ఎదుటి ఓడలో ఉన్నది శత్రువు. వాడు కొట్టిన మొదటి దెబ్బ నేరుగా ఇంజిన్ ఖాతా మీద పడుతుంది.

ప్రెస్టన్ అని ఒక శిక్షణ కుర్రాడు. సినిమా మొదట్లో తన ఇంజిన్ గది గురించి గొప్పలు చెప్పుకున్న పిల్లాడు. వాణ్ని రెండు చేతుల్లో ఎత్తుకుని చీఫ్ ఇంజినీరు స్కాటీ నేరుగా పైకి, కెప్టెన్ల గదికి తెస్తాడు. ఆస్పత్రి గదికి పోవాల్సినవాడు అక్కడికి ఎందుకు తెచ్చాడని సినిమా చూసినవాళ్లు ఇప్పటికీ వాదిస్తారు. నాకైతే అందులో వాదన ఏం కనబడలేదు. మిషను మీది గార్డు తీసేసి నడిపించిన మాస్టరు ముందుకు, తెగిన వేలితో మనిషిని తీసుకుపోవడం మనం చూడలేదా? చూడు అని చూపించడానికే.

కిర్క్‌కు ఒక్క మార్కు మాత్రం ఇవ్వాలి. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఇకపై కూడా రూలు చెప్తూనే ఉండమని ఆ అమ్మాయితో అన్నాడు. ఆ పిల్లాడు మాత్రం బతకలేదు. చివరికి ఓడను కాపాడడానికి స్పాక్ కూడా ఇంజిన్ గదిలోకే దిగి ప్రాణం ఇచ్చాడు.

స్కాటీ గురించి ఇంకో మాట చెప్పకపోతే ఇంజిన్‌వాళ్లు నన్ను క్షమించరు. రిపేరుకు ఎంతసేపు అంటే నాలుగింతలు చెప్పేవాడు, తర్వాత ముందే చేసి మాయగాడినని పేరు తెచ్చుకునేవాడు. ఆ సంగతి మూడో సినిమాలో తనే ఒప్పుకున్నాడు. మన ఫిట్టర్లకు ఇది ఎవరు నేర్పారో గానీ, స్కాటీ మాత్రం కాదు.

తర్వాతి వాడు పికార్డ్. ప్యాట్రిక్ స్టివర్ట్ వేశాడు, 1987 నుంచి 1994 దాకా. ఓడ పేరు ఎంటర్‌ప్రైజే, కొత్తది, వెయ్యిమందికి పైగా ఉంటారు. పెళ్లాం పిల్లలతో సహా. బడి ఉంది, ఆట స్థలం ఉంది. ఓడ అనేకంటే మిల్లు చాళీ అనొచ్చు. పికార్డ్‌కు పిల్లలంటే మొదట్లో బెరుకు, అది వేరే సంగతి. ఆయన పద్ధతి ఏంటంటే, అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి మీరేమంటారు అని అడగడం.

ఆ అడగడం విలువ ఎంతో తెలియాలంటే 1992లో వచ్చిన 'చెయిన్ ఆఫ్ కమాండ్' చూడాలి. పికార్డ్‌ను రహస్యపు పని మీద పంపి, ఆ ఓడకే జెలికో అనే వేరే కెప్టెన్‌ను తెస్తారు. వచ్చీ రాగానే ఆయన మొదటి హుకుం ఏంటో తెలుసా? మూడు షిఫ్టులను నాలుగు షిఫ్టులు చేయండి అని. మా ఇంట్లో ఇది చూస్తూ నవ్వని మనిషి లేడు. నాలుగు షిఫ్టులంటే గంటలు తగ్గినట్టే కదా అని కొత్తవాళ్లు అనుకుంటారు. ఉన్న మనుషులనే నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో షిఫ్టుకు ఎంతమంది మిగులుతారో పాతవాళ్లను అడగండి. ఖాతా పెద్దలు ఇబ్బంది అవుతుందన్నారని రైకర్, అంటే కెప్టెన్ తర్వాతి ఆఫీసరు, ఆగుతాడు. జెలికో మండిపడతాడు. ఇంజిన్‌వాళ్లకు రెండు రోజుల్లో అయ్యేది కాని పని అప్పజెప్పి, వాళ్లలో మూడో వంతు మందిని కాపలా డ్యూటీకి మార్చేస్తాడు. పికార్డ్ పెంచుకునే చేపను కూడా గదిలోంచి తీయించేస్తాడు.

నిజం చెప్పాలి కదా, జెలికో చేతగానివాడు కాదు. శత్రువు ఎత్తు సరిగ్గా కనిపెట్టింది ఆయనే, చివరికి గెలిచిందీ ఆయనే. అయితే ఆ గెలుపుకు ఓడలోకెల్లా మంచి పైలట్ కావాల్సి వచ్చింది. ఆ పైలట్ ఎవరంటే, తను పని నుంచి తప్పించిన రైకరే. అప్పుడు కెప్టెన్ రైకర్ గదికి తనే నడిచి పోయాడు. హుకుం వేయలేదు, అడిగాడు. మొదటి రోజే అడిగి ఉంటే ఏం పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆర్చర్ అని ఇంకొకాయన ఉన్నాడు, 83 మందితో తొలి తరం ఓడ నడిపినవాడు. మంచోడే, అయితే మన తగాదాకు ఆయనతో పనిలేదు.

జేన్‌వే సంగతి వేరు. కేట్ మల్‌గ్రూ వేసింది, 1995 నుంచి 2001 దాకా. ఓడ వోయేజర్, నూటయాభై మంది దాకా ఉండే చిన్న ఓడ. అది ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో పోయి పడుతుంది. తిరిగి రావడానికి 75 ఏళ్లు. తిరుగుదారి చేతిలో ఉన్నా, వాడుకుంటే అక్కడి చిన్న జాతి ఒకటి బలైపోతుందని ఆమే దాన్ని పేల్చేసింది. తన కింద ఉన్నది ఒక్క జట్టు కాదు. ప్రభుత్వం వాళ్లు, వాళ్లతో కొట్లాడే తిరుగుబాటుదార్లు. రెండు మిల్లుల మనుషులను ఒక్క ఖాతాలో పెట్టినట్టు. అందులో టోరెస్ అనే అమ్మాయి పాత ఇంజినీరు ముక్కు పగలగొట్టింది. చదువు మధ్యలో మానేసిన పిల్ల, కోపిష్టి. అయినా పని వచ్చింది ఎవరికో చూసి, జేన్‌వే ఆమెనే చీఫ్ ఇంజినీరుగా పెట్టింది. ఆ ఓడలోనే పుట్టిన నవోమి అనే పాప ఉంటుంది. సొంతూరు అంటే ఆ పాపకు పెద్దలు చెప్పిన కథ మాత్రమే. భీవండిలోనో షోలాపూర్‌లోనో పుట్టి, తాతల ఊరు పేరు మాత్రమే తెలిసిన మన పిల్లలకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

పోరగాళ్లు ఎవరూ పేరెత్తనివాడు సిస్కో. ఏవరీ బ్రూక్స్ వేశాడు, స్టార్ ట్రెక్ సీరియల్‌కు నాయకుడైన మొదటి నల్లజాతి నటుడు. సిస్కోది ఓడ కంటే ముందు 'డీప్ స్పేస్ నైన్' అనే స్టేషను. డిఫయంట్ అనే ఓడ తర్వాత వచ్చింది. సుఖాలేవీ లేని యుద్ధం బండి, ఇంజిన్ బలానికి తనే విరిగిపోయేలా ఊగేది.

ఆ స్టేషనులో క్వార్క్ అనేవాడి బారు ఉంటుంది. 1996లో వచ్చిన ఒక భాగంలో క్వార్క్ తమ్ముడు రామ్, అదే బారులో పనోడు, చెవినొప్పితో పడిపోతాడు. సిక్ లీవు లేదు కాబట్టి డాక్టరు దగ్గరికి పోలేదు. పైగా బేరం తగ్గిందని అందరి జీతాలు కోశారు. రామ్ యూనియన్ పెట్టి సమ్మె చేయిస్తాడు. స్టేషను ఇంజినీరు ఓబ్రయన్, 1902 పెన్సిల్వేనియా బొగ్గుగని సమ్మెలో తమ తాతముత్తాతల్లో ఒకడున్నాడని వాడికి ధైర్యం చెప్తాడు. పెన్సిల్వేనియాలో ఆ ఏడు బొగ్గు కార్మికులు నిజంగానే పెద్ద సమ్మె చేశారు. సిస్కో మొదట తలదూర్చడు. తన ఆఫీసర్లే సమ్మె విషయంలో కొట్టుకుంటే, ఓబ్రయన్‌తో సహా ముగ్గురినీ లాకప్‌లో వేస్తాడు. ఆ తర్వాత క్వార్క్‌ను పిలిచి, ఇన్నేళ్లుగా నీ దగ్గర అద్దె గానీ కరెంటు డబ్బులు గానీ తీసుకోలేదు, తమ్ముడితో రాజీ పడకపోతే అన్నీ ఇప్పుడే కట్టు అంటాడు. ఉపన్యాసం లేదు, ఎవరి పక్షమో చెప్పుకోవడం లేదు. బాకీ చిట్టా మాత్రం తీశాడు.

మా పంచాయితీలో నా ఓటు సిస్కోకు. మా ఇంటావిడ ఓటు జేన్‌వేకు. పోరగాళ్లు ఇంకా కిర్క్, పికార్డ్‌ల దగ్గరే ఉన్నారు. ఇంతకీ సమ్మె ఏమైందంటారా? అడిగినవన్నీ క్వార్క్ లోలోపల ఒప్పుకున్నాడు, పైకి మాత్రం యూనియన్ రద్దయినట్టు. గెలిచిన రామ్ ఆ బారులో ఉండలేదు. స్టేషను రిపేరు ఖాతాలో చేరాడు, అన్నిటికంటే కింది గ్రేడు, నైట్ షిఫ్టు.